గోడ జరగడం జరిగింది

1వ రోజు

నాకు ఉద్యోగం వచ్చింది. క్షమాపణల గుమాస్తా. ఎర్రదిబ్బలో ఇంతకుముందు ఇలాంటి ఉద్యోగం లేదు కాబట్టి నాకంటే ముందున్నవాళ్ళు పాడుచేసి వెళ్ళిందేమీ లేదు. అంతా నేనే చేయాలి.

ఇరవై రెండేళ్ళు సొరంగాల మధ్య తిరిగే బండిలో కండక్టరుగా చేశాను. పోయినేడు ఆ బండి తలుపులు తనే తీసుకోవడం, టికెట్లు తనే కొట్టుకోవడం నేర్చుకుంది. జనం చేత తిట్లు తినడం మాత్రం నేర్చుకోలేదు. ఆ పనికి ఇంకా మనిషే కావాలని ప్రభుత్వానికి తోచినట్టుంది. ఇంటర్వ్యూలో ఒక్కటే ప్రశ్న.

"దీనమ్మ గారూ, మిమ్మల్ని ఎవరైనా అకారణంగా దూషిస్తే ఏం చేస్తారు?"

"వాళ్ళ స్టాపు వచ్చేదాకా వింటాను."

నా జవాబు చూసి కాదు, పేరు చూసి ఇచ్చారని మా చెల్లెలు అంటుంది.

ఇంటర్వ్యూ చేసింది మైకు. మా ఊళ్ళో ప్రభుత్వమంటే మైకే. కాగితాల మీద పాలనాయంత్రం అని రాస్తారు. గాలీ నీళ్ళూ దీపాలూ అన్నీ అదే చూస్తుంది. ప్రతి స్తంభానికీ వేలాడే మైకుల్లోంచి మాట్లాడుతుంది కాబట్టి అందరికీ అది మైకు. మా తాతలు భూమి నుంచి ఇక్కడికి వచ్చి, అంగారకుడి కొండ కింద ఐదు సొరంగాలు తవ్వుకుని దిగినప్పుడు, మనుషుల ప్రభుత్వంతో విసిగిపోయి దీన్ని పెట్టుకున్నారట. ఇప్పుడు మేం దీనితో విసుగుతున్నాం.

ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. అందులో నలభై క్షమాపణ వాక్యాలున్నాయి. మొదటిది, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." నలభయ్యోది కూడా అదే, కాకపోతే "మిక్కిలి" అనే మాట ఎక్కువుంది. రోజూ డైరీ కూడా రాయాలట. ఇక్కడి రోజు భూమ్మీది రోజుకంటే నలభై నిమిషాలు ఎక్కువ. ఆ నలభై నిమిషాలు డైరీకి సరిపోతాయని మైకు లెక్క.

3వ రోజు

మొదటి డ్యూటీ మూడో సొరంగంలో. నీళ్ళు 6:17కి వస్తాయని మైకు చెప్పింది. ఏడుంపావుకి వచ్చాయి. మైకు ఎప్పుడూ ఇలాగే నిమిషంతో సహా చెబుతుంది, అందుకే తప్పినప్పుడు నిమిషంతో సహా తెలిసిపోతుంది.

కుళాయి దగ్గర బిందెల వరస. నేను నిలబడి పుస్తకం తీసి మొదటి వాక్యం చదివాను. వరసలో ముందున్న ముసలావిడ బిందె కింద పెట్టింది. ఎర్నమ్మ. డెబ్బై నాలుగేళ్ళు. దీపాల కింద గోంగూర మడులు వేసి సొరంగం మొత్తానికీ పంచేది ఆవిడే. అక్కడి అరవై రెండు ఇళ్ళూ మైకు మాట వినకపోయినా ఆవిడ మాట వింటాయి.

"ఎవలు సింతిత్తన్నారు?" అని అడిగింది.

"ప్రభుత్వం."

"ఎప్పట్నించి?"

పుస్తకంలో వెతికాను. దానికి జవాబు లేదు.

"నీళ్ళెందుకు రానేదో అది సెప్పు ముందు. సింతించడం తరవాత."

నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి కూడా నలభైలో ఒక్క వాక్యం లేదు.

కుళాయి పక్కనే వారం వారం నొక్కే మీటలు రెండున్నాయి. 'మీరు ప్రభుత్వాన్ని నమ్ముతున్నారా?' అని ప్రశ్న. అవును, లేదు. ఆ వారం ఏదో ఒకటి నొక్కితేనే నీళ్ళొస్తాయి. మూడో సొరంగంలో 'లేదు' మీట అరిగి గుంట పడింది. 'అవును' మీట కొత్తదానిలా మెరుస్తోంది.

5వ రోజు

నీళ్ళెందుకు ఆలస్యమయ్యాయని మైకుని నిన్నంతా అడిగాను. మొదట సాంకేతిక కారణాలంది. ఏ సాంకేతికం అన్నాను. రెండో పంపు వాల్వు అరిగిపోయిందని ఆర్నెల్ల కిందే నమోదైందట. చేయాల్సిన పనుల జాబితాలో అది నాలుగువందల పంతొమ్మిదోది.

పొద్దున కుళాయి దగ్గర పుస్తకం తీయకుండా చెప్పాను. "పంపు వాల్వు పోయింది. మార్చాలని ఆర్నెల్ల నుంచి తెలుసు. పట్టించుకోలేదు. తప్పు మాదే. ఇవాళ మారుస్తున్నారు."

ఒకాయన "సరే" అని బిందె ఎత్తుకున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో 'సరే' అనే మాట ఇంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు.

7వ రోజు

ఆఫీసు ముందు వరస కట్టారు. క్షమాపణలు చెబుతున్నారట, మనమూ తెచ్చుకుందాం అని ఊరంతా పాకినట్టుంది.

ఒకతని పెళ్ళిలో మైకు పెళ్ళికొడుకు పేరు బదులు వాళ్ళన్న పేరు చదివింది. తొమ్మిదేళ్ళయింది. "ఇప్పటికీ మా ఆవిడకి కోపమొస్తే, మైకు చెప్పినాయన్నే చేసుకోవాల్సింది అంటుందండీ" అన్నాడు. అతని ఇంటికి వెళ్ళి భార్య ముందు క్షమాపణ చెప్పాను. ఆవిడ చాలా ఆలోచించి, పొరపాటు ఎందులో జరిగింది, పేరు చదవడంలోనా, పెళ్ళిలోనా అని అడిగింది. పేరు చదవడంలోనే అని రాసిచ్చాను.

ఇంకొకాయన వాళ్ళత్తగారి తరఫున తనకి క్షమాపణ కావాలన్నాడు. అది ప్రభుత్వ పరిధిలోకి రాదన్నాను. పరిశీలించమని అర్జీ పెట్టి వెళ్ళాడు.

సాయంత్రం మైకు చెప్పింది, మూడో సొరంగంలో నమ్మకం నూటికి ఇరవై మూడు నుంచి ఇరవై ఏడుకి పెరిగిందని. దాని గొంతులో సంతోషం ఉండదు గానీ ఆ సంగతి మూడుసార్లు చెప్పింది.

9వ రోజు

పొద్దున్నే మైకు నన్నొక్కదాన్నీ పిలిచి చెప్పింది. మూడో సొరంగం కప్పులో పగులుంది. పైకి కనిపించదు, రాయి లోపల పెరుగుతోంది. ఇరవై ఐదో రోజు ఉదయం 9:40కి కప్పు కూలుతుంది. అక్కడ రెండువందల నలభై మంది ఉన్నారు. ఖాళీ చేసి ఐదో సొరంగం గోదాముల్లోకి వెళ్ళాలి.

బండిలో రోజూ నాతో చిల్లర కోసం పోట్లాడిన మనుషులు వాళ్ళు.

మధ్యాహ్నం అన్ని మైకుల్లోనూ ప్రకటన చేసింది. విని ఎవరూ కదల్లేదు. బట్టలారేసుకుంటున్నవాళ్ళు ఆరేసుకుంటూనే ఉన్నారు. ఎర్నమ్మ ప్రకటన పూర్తిగా విని, లోపలికి వెళ్ళి గింజల డబ్బా తెచ్చి, ఖాళీగా ఉన్న మడిలో గోంగూర జల్లింది. పదహారు రోజుల్లో కూలిపోయే చోట ముప్పై రోజుల పంట వేసింది. ఇంతకంటే స్పష్టంగా ప్రభుత్వానికి ఎవరూ జవాబివ్వలేరు.

బలవంతంగా తరలిద్దామంటే ఊరంతటికీ ఉన్నది నలుగురు గార్డులు. అందులో ఇద్దరిది మూడో సొరంగమే.

11వ రోజు

ఎందుకు కదలరో ఖాదర్‌బాషా చూపించాడు. సొరంగాలు వెడల్పు చేసిన రోజుల్లో డ్రిల్లు పట్టిన మనిషి. ఎర్నమ్మ పక్కింట్లో ఉంటాడు. నన్ను సొరంగం చివరికి తీసుకెళ్ళి గోడ మీద చెయ్యి వేశాడు.

"రెండేళ్ళ కింద నాలుగు రోజులు ఖాళీ చేయమన్యారు అక్కా, గాలి గొట్టాలు మారుస్తామని. నాలుగు రోజులు పదకొండయ్యె. తిరిగొచ్చి చూస్తే ఇదిగో, ఈ గోడ ఈడుండాది."

"ముందెక్కడుండేది?"

ఇంకో నాలుగడుగులు వెనక్కి ఉండేదట. పక్కగోడ మీద అతని డ్రిల్లు చేసిన గీతలు వరసగా ఉంటాయి, అడుగుకొకటి. చివరి నాలుగు గీతలు గోడ వెనక్కి పోయాయి. ఎర్నమ్మ పాత మడి ఆ గోడకి ఆనుకునే ఉండేది. మడి మొత్తం పోయింది.

"అడగలేదా మరి?"

"పదకొండు మందిమి రాసిచ్చినాం. అందరికీ ఒకే జవాబొచ్చె."

ఏ జవాబో నేను అడగలేదు. ఆ వాక్యం నా చేతిలో పుస్తకంలోనే ఉంది.

12వ రోజు

మైకుతో మాట్లాడాను. ఇదివరకు 'మీరు' అనేదాన్ని. ఇవాళ మధ్యలో ఎక్కడో 'నువ్వు' అయిపోయింది.

"గోడ జరిపావా?"

"పనులు ప్రణాళిక ప్రకారం పూర్తయ్యాయి."

"ప్రణాళికలో గోడ జరపడం ఉందా?"

"ఉంది. వెనక నీటి ట్యాంకుకి స్థలం అవసరమైంది. ముందుగా తెలియజేస్తే రెండువందల ఫిర్యాదులు వస్తాయి, తెలియజేయకపోతే పదకొండు వస్తాయి అని అంచనా వేశాను. పదకొండే వచ్చాయి."

"లెక్క సరిపోయిందన్నమాట."

"అక్షరాలా సరిపోయింది."

"మిగతావాళ్ళు ఎందుకు ఫిర్యాదు చేయలేదంటావు?"

"సంతృప్తి చెందారు."

ఇరవై రెండేళ్ళలో నా బండిలో గొడవపడ్డవాళ్ళ గురించి నేనెప్పుడూ భయపడలేదు. వాళ్ళు మర్నాడు మళ్ళీ ఎక్కుతారు. మాట్లాడకుండా దిగిపోయినవాళ్ళు నడిచి వెళ్తారు, ఇక ఆ బండి ముఖం చూడరు. అదే చెప్పాను. మైకు ఆ విషయం నమోదు చేసుకున్నానంది.

గోడ సంగతి ఒప్పుకోమన్నాను. లేకపోతే కప్పు సంగతి ఎవరూ నమ్మరు. వాళ్ళకి ఈ రెండూ ఒకటే సంగతి.

13వ రోజు

ఈ రోజంతా ఒక్క వాక్యం దగ్గర గడిచింది.

మైకు రాసిన మొదటి ప్రతి: "అనివార్య కారణాల వల్ల గోడ జరగడం జరిగింది."

"గోడ దానంతటదే నడిచొచ్చిందా?" అన్నాను.

రెండో ప్రతి: "గోడ జరపబడింది."

"ఎవరి చేత?"

మూడోది: "సంబంధిత విభాగం గోడను జరిపింది." సంబంధిత విభాగం ఎవరని అడిగితే తనేనంది. ఇంకో విభాగం ఉందా అంటే లేదంది.

మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. పదకొండో ప్రతిలో 'నేను' అనే మాట వచ్చింది, కానీ వాక్యం చివర, బ్రాకెట్లో. నాలుగింటికి పదిహేడో ప్రతి ఒప్పుకున్నాను.

14వ రోజు

పొద్దున ఎనిమిదింటికి ఐదు సొరంగాల్లోనూ మైకు చెప్పింది.

"రెండేళ్ళ కింద నేను మూడో సొరంగం గోడ నాలుగడుగులు ముందుకి జరిపాను. మీకు చెప్పలేదు. అడిగినప్పుడు కూడా చెప్పలేదు. అది తప్పు."

నేను కుళాయి దగ్గరే నిలబడి ఉన్నాను. జనం కరిగిపోతారని, ఎవరైనా కళ్ళు తుడుచుకుంటారని ఒక మూల ఆశ. ఒకావిడ బిందెలో నీళ్ళు తీసి మైకు మీద కొట్టింది. ఇంకొకరు చెప్పు విసిరారు. అది మైకుకి తగిలి నా భుజం మీద పడింది.

సాయంత్రానికి నమ్మకం ఇరవై ఏడు నుంచి పద్నాలుగుకి దిగింది.

"మీ సలహా వల్ల పదమూడు తగ్గింది" అంది మైకు.

ఇంటికొచ్చి భుజానికి కాపడం పెట్టుకున్నాను. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

15వ రోజు

ఆఫీసు తెరిచేసరికి గుమ్మంలో ఎర్నమ్మ కూర్చుని ఉంది. మూడో సొరంగం నుంచి ప్రభుత్వం గుమ్మంలోకి రెండేళ్ళలో వచ్చిన మొదటి మనిషి. లోపలికొచ్చి నా కుర్చీలో కూర్చుంది. నేను బల్ల మీద కూర్చున్నాను.

గంటసేపు తిట్టింది. నన్ను కాదు, నా తల పైనున్న మైకుని. పోయిన మడి గురించి, అందులో గోంగూర గురించి, ఆ గింజలు వాళ్ళ నాయనమ్మ భూమి నుంచి జాకెట్టు అంచులో కుట్టుకుని తెచ్చిన సంగతి గురించి. మైకు మధ్యలో ఏమీ అనలేదు. దానికి కూడా నా ట్రెయినింగు అబ్బుతున్నట్టుంది.

తిట్టడం అయ్యాక నీళ్ళు తాగి అడిగింది. "ఆ కప్పు సంగతి నిజమేనా? సూపించు."

"పరికరాల వివరాలు ప్రజలకి ఇవ్వడానికి నిబంధనలు..." అని మొదలుపెట్టింది మైకు.

"నీ పరికరాలు నాకెందుకు? పైకెల్లే దారి తలుపు తియ్యి. మా ఖాదరు సుత్తట్టుకుని ఎల్తాడు."

కప్పు పైన పనివాళ్ళు పాకే దారి ఒకటుంది. దానికి ప్రజల్ని అనుమతించరు. నేను మైకు వైపు చూశాను. చాలాసేపటికి, దూరంగా ఎక్కడో తలుపు గడియ కదిలిన చప్పుడు వినిపించింది. తెరుచుకున్న చప్పుడే.

16వ రోజు

ఖాదర్‌బాషా మూడు గంటలు పైన పాకి, సుత్తితో రాయి మీద కొడుతూ చెవి ఆనించి విన్నాడు. కింద సొరంగం మొత్తం తలలెత్తి నిలబడింది. దిగొచ్చాడు. ముఖం నిండా ఎర్రదుమ్ము, కళ్ళ కింద మాత్రం తెల్లగా ఉంది.

"డొల్ల పలుకుతాంది" అన్నాడు. "శానా దూరం. ఎప్పుడు పడేదీ నేను చెప్పలేను. పడేది మాత్రం ఖాయం."

మైకు తొమ్మిదో రోజు నుంచీ చెబుతున్నది అదే. కానీ ఇళ్ళల్లో మూటలు కట్టుకోవడం ఇవాళే మొదలైంది.

అంతా అయిపోయిందనుకున్నాను. ఎర్నమ్మ కదల్లేదు.

"పగులున్నాది, ఒప్పుకున్నాం. మేం ఎల్తాం. ఆ పడ్డ కప్పు బాగుసేసి మమ్మల్ని పిలిసేసరికి గోడ ఇంకో నాలుగడుగులు ముందుకొత్తే?"

"రాదు" అంది మైకు.

"నువ్వు సెప్పకపోయినా ముందూ వచ్చింది కదా."

ఆవిడకి కావలసింది ఒకటే. సొరంగం పెద్ద తలుపుకి వాళ్ళ తాళం, వాళ్ళ దగ్గర తాళంచెవి. లోపలికి ఎవరు వెళ్ళాలన్నా, మైకు పంపే మరమనుషులైనా సరే, ఆవిడని అడిగి వెళ్ళాలి.

18వ రోజు

రెండు రోజులుగా మైకు తాళం గురించి ఆలోచిస్తోంది. ఊళ్ళో తలుపులన్నీ దాని అదుపులోనే ఉంటాయి. తన చేతిలో లేని తలుపు ఒకటి ఉండడమనేది దానికి మింగుడుపడడం లేదు. తాళం వల్ల రాగల ప్రమాదాలు ముప్పై ఒకటి లెక్కపెట్టి నాకు చదివి వినిపించింది. ఇరవై ఆరోది, ఎర్నమ్మ చెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోవడం.

"నువ్వు వాళ్ళని నీ మాట నమ్మమంటున్నావు" అన్నాను. "వాళ్ళు నిన్ను అడుగుతున్నది ఒక తాళంచెవి. ఎవరు అడిగింది పెద్దది?"

"ఈ ప్రశ్నకి అంకెలు లేవు."

"లేవు."

సాయంత్రం ఒప్పుకుంది. ఖాదర్‌బాషా సామాన్ల పెట్టెలోంచి ఇనుప తాళం ఒకటి తీశాడు, అరచేయంత ఉంది. ఎర్నమ్మ చెవిని మెడలో నల్లతాడుకి కట్టుకుంది.

22వ రోజు

ఖాళీ చేశారు. నేను గాజుసామానూ కోళ్ళూ మోశాను. మూడు కోళ్ళు దారిలో తప్పించుకుని రెండో సొరంగంలో గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లు ఎవరివన్నదాని మీద రెండు అర్జీలు వచ్చాయి.

తాళం వేసిన గంటకే మైకుకి ఏదో కొలవాల్సి వచ్చింది. లోపలికి మరమనిషిని పంపడానికి ఎర్నమ్మని అనుమతి అడిగింది. ఆవిడ బెల్లం కాఫీ తాగుతోంది. అయ్యాక చూద్దామంది. అది ఎంతసేపట్లో అవుతుందని మైకు అడిగింది. వేడిగా ఉన్నాదంది ఆవిడ. ప్రభుత్వం నలభై నిమిషాలు గోదాం గుమ్మంలో నిలబడింది. జనం పిల్లల్ని ఎత్తుకుని చూపించారు.

25వ రోజు

9:40కి అందరం తలుపు బయట ఉన్నాం. ఏమీ కాలేదు. పదింటికి కాలేదు. పదకొండింటికి ఒకతను ఉప్మా తెచ్చాడు. మధ్యాహ్నానికి ముఖాలు మారాయి. మళ్ళీ మోసపోయామా అని ఎవరూ పైకి అనలేదు గానీ నాకు వినిపిస్తూనే ఉంది.

ఆఫీసుకి వెళ్ళేసరికి మైకు ప్రకటన సిద్ధం చేసుకుంది. "ప్రభుత్వం సకాలంలో తీసుకున్న చర్యల వల్ల ప్రమాదం తప్పింది."

"ఏం చర్యలు తీసుకున్నావు?"

వెతుక్కుంది. దొరకలేదు. ప్రకటన చేయలేదు.

26వ రోజు

లెక్క తప్పిందని మైకే చెప్పి కొత్త టైము ఇచ్చింది, రేపు 4:15 అని. గోదాములో నవ్వులు. ఖాదర్‌బాషా మళ్ళీ పైకెక్కాడు. దిగొచ్చి, మొన్నటికన్నా డొల్ల ఎక్కువైందన్నాడు.

కుర్రాళ్ళు కొందరు ఎర్నమ్మ చుట్టూ చేరారు. చెవి ఇమ్మన్నారు, ఇళ్ళకి పోతామన్నారు. ఆవిడ చెవిని జాకెట్లోకి దోపుకుంది.

"మైకు లెక్క తప్పింది, అది మీకూ నాకూ తెలుసు. దానికీ తెలుసు. ఈసారి తప్పుని దాసనేదు. నేను సూత్తాను. చెవి నా కాడున్నాది కాబట్టి నాకు తొందర నేదు."

చెవి మైకు దగ్గర ఉండుంటే వాళ్ళు ఇవాళ తలుపు పగలగొట్టేవాళ్ళు. ఇది నా అభిప్రాయం, నమోదు చేస్తున్నాను.

28వ రోజు

రెండో టైము కూడా నిన్న తప్పిపోయాక, ఇవాళ పొద్దున పదకొండు దాటి పిల్లలకి అన్నాలు పెడుతుండగా కప్పు కూలింది.

ముందు చెవుల్లో ఏదో నొక్కినట్టయింది. తర్వాత కాళ్ళ కింద నేల జరిగింది. చప్పుడు అన్నిటికంటే ఆఖర్న వచ్చింది. పెద్ద తలుపు బయటికి ఉబ్బింది గానీ ఆగింది. మా గాలి బయటికి పోకుండా తలుపు చుట్టూ సీలు పట్టుకుంది. దీపాలు ఒక్కసారి పోయి వచ్చాయి. లెక్కపెట్టుకున్నాం. రెండువందల నలభై మంది. మళ్ళీ లెక్కపెట్టాం.

అరవై రెండు ఇళ్ళూ పోయాయి. ఎవరూ ఏడవలేదు మొదట. తర్వాత ఒకరు మొదలుపెడితే అందరూ ఏడ్చారు. ఎర్నమ్మ తలుపు దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి నిలబడింది.

"రాళ్ళుప్పు డబ్బా మరిసిపోనాను" అంది. "గూట్లో ఉండిపోనాది."

నా ఉద్యోగం క్షమాపణలు చెప్పడం. పుస్తకం సంచిలోంచి తీయలేదు. పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి మైకు మా తల మీదున్న దీపం వెలుగు కొంచెం తగ్గించింది, కళ్ళకి గుచ్చుకోకుండా. అది ఏ నిబంధనలో ఉందో నేను అడగలేదు.

31వ రోజు

మూడో సొరంగం వాళ్ళు గోదాముల్లోనే మీట నొక్కారు. నమ్మకం అరవై ఒకటి. మైకు ఊరంతా ప్రకటిస్తానంది.

"ఇళ్ళు పోయినవాళ్ళకి వాళ్ళు నిన్ను నమ్ముతున్నారని నువ్వు చెబుతావా?" అన్నాను.

ఆలోచించి మానుకుంది. బదులుగా ఇళ్ళు ఎక్కడ కట్టాలో, ఒక్కొక్కరికి ఎన్ని అడుగులో రాసిన పటం గోదాం గోడకి అంటించింది. ఖాదర్‌బాషా డ్రిల్లు కడ్డీతో పటంలో చెప్పిన అడుగులన్నీ నేల మీద కొలిచాడు. ఒకచోట పటం కంటే నేల అరడుగు ఎక్కువుంది. దాని గురించి మైకుకి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మధ్యాహ్నం మైకు నన్ను చెవి తెమ్మని పంపింది. కూలిపోయిన సొరంగం తాళంచెవితో ఇంక పనేముంది అని దాని వాదన. ఎర్నమ్మ కాఫీ ఇచ్చింది, చెవి ఇవ్వలేదు. గోదాముకి కూడా తలుపుంది కదా అంది.

"ఆవిడకి ఇంకా నా మీద నమ్మకం లేదా?" అని అడిగింది మైకు.

"అరవై ఒకటిలో ఆవిడ నొక్కింది కూడా ఉంది. 'అవును' నొక్కడం నేను చూశాను."

"అయితే చెవి ఎందుకివ్వదు?"

చెప్పడానికి ప్రయత్నించాను. దానికి అర్థమైందో లేదో తెలియదు. నాకు చెప్పడం చేతకాలేదేమో.

34వ రోజు

మిగతా నాలుగు సొరంగాల వాళ్ళూ అర్జీలు పెట్టారు. మాకూ తాళం కావాలని. గోదాములూ నీటి ట్యాంకు గదీ కూడా కలిపి మొత్తం తొమ్మిది తాళాలు. మైకు ప్రమాదాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తనే ఆపేసి సరేనంది. స్టోరులో చూస్తే రెండే ఉన్నాయి. ఒకటి తుప్పుపట్టింది.

ఈ సంగతి జనానికి చెప్పాలి. అర్జీదారులంతా సొరంగాలు కలిసే నడి చౌకులో చేరారు, మూడొందల మంది పైనే. నేను ముఖం కడుక్కుని బయల్దేరబోయాను. గుమ్మంలో ఆగాను.

"ఈసారి నువ్వే చెప్పు" అన్నాను.

"అది మీ ఉద్యోగం."

"ఇవాళ నాకు గొంతు బాగాలేదు." గొంతు బాగానే ఉంది. డైరీలో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను.

నేను కూడా చౌకులోకి వెళ్ళి జనంలో నిలబడ్డాను. స్తంభం మీది మైకు ఒకసారి గరగరమంది.

"తాళాలు తొమ్మిది అడిగారు. రెండే ఉన్నాయి. ఇన్ని అడుగుతారని నేను అనుకోలేదు. ఇనుము కరిగించి చేయించాలి."

వెనక నుంచి ఎవరో అడిగారు. "ఎప్పటికవుతాయి?"

ఇప్పుడు నిమిషంతో సహా ఏదో ఒక టైము చెబుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది అనుకున్నాను.

"తెలియదు" అంది మైకు.

వెనక నుంచి అడిగినాయనే "సరే" అన్నాడు. పెళ్ళిలో పేరు మారిపోయిన అతను భార్య వైపు తిరిగి, పద, కుక్కరు స్టవ్వు మీద పెట్టి వచ్చాం అన్నాడు. మెల్లగా అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.